ఉగాది శుభ్రత గడప దాటవలెను

ఫాల్గుణ మాసము ముగియవచ్చినదనగనే మన పల్లెలలో ఇంటింట సందడి మొదలగును. అటకమీది బిందెలు, గంగాళములు క్రిందికి దిగును. మంచములు, పరుపులు, బొంతలు వాకిటిలో ఎండకు వచ్చును. దూలములకు పట్టిన మసిని, మూలలనున్న బూజును దులుపుదురు. గోడలకు సున్నము వేయుదురు. అరుగులు అలికి ముగ్గులు పెట్టుదురు. గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు దిద్ది, ద్వారబంధమునకు మామిడాకుల తోరణము కట్టుదురు. చైత్ర శుద్ధ పాడ్యమినాడు తెల్లవారునప్పటికి పూరిల్లుగాని, మేడగాని, ఇల్లు ఇల్లంతయు క్రొత్తదనముతో కళకళలాడుచుండును.

ఈ పనిని ఎవరును ఉత్తరువు ఇచ్చి చేయించుట లేదు. ఏ శాఖవారును సర్క్యులరు పంపరు. ఏ అధికారియు తనిఖీకి రాడు. అయినను తరతరములుగా ఏటేట తప్పక జరుగుచున్నది. మన ప్రజలకు శుభ్రత తెలియదను వారు ఉగాదికి ముందు వారము దినములు ఏదేని ఒక గ్రామములో నివసించి చూడవలెను.

అయితే ఈ శుభ్రత ఎక్కడ ఆగుచున్నదో గమనింపుడు. అది గడపవద్ద ఆగుచున్నది. ఇంటిలో ఊడ్చిన చెత్త వీధి మూలకు చేరుచున్నది. గంగాళములు కడిగిన నీరు కాలువలోనికి పోవుచున్నది. కాలువ పూడియున్నచో వీధిలోనే నిలిచిపోవుచున్నది. గడప లోపలిది ఆ ఇంటివారిది. మరి గడప వెలుపలిది ఎవరిది? “అందరిది” అని చెప్పుట సులభము. అందరిదైన పని పేరు పెట్టి ఒకరికి అప్పగింపనిచో ఎవరిదియు కాకుండ పోవును. అట్టి పనులకు బాధ్యత వహించుటకే పంచాయతీ ఏర్పడినది. గ్రామస్థులు తమ ఇండ్లకు చేసికొనుచున్నదానిని పంచాయతీ సభ్యులు గ్రామమునకు చేయవలెనని చెప్పుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఒక గ్రామములో జరిగినది

కొన్ని సంవత్సరముల క్రిందట, వైశాఖ మాసములో, ప్రచారపు పనిపై నేనొక గ్రామమునకు వెళ్ళితిని. ఉగాదికి వేసిన సున్నము గోడలపై ఇంకను తెల్లగానే యున్నది. గడపల పసుపు వెలిసిపోలేదు. కాని ఊరి చివరి వీధిలో మాత్రము ఆ వారములో ఇరువదిమందికి పైగా వాంతులు, విరేచనములతో మంచము పట్టిరి. రెండేండ్లయినను నిండని ఒక బిడ్డ ఆసుపత్రికి చేరకముందే దారిలో కన్నుమూసినది. ఆ ఇంటి గడపకు కూడ పసుపు ఉన్నది. ద్వారమునకు ఎండిన తోరణము వ్రేలాడుచున్నది.

ఆరోగ్య సిబ్బంది వచ్చి విచారించిరి. ఓవర్‌హెడ్ ట్యాంకులోని నీరు బాగుగానే యున్నది. మొదటి వీధి కుళాయి నీరును బాగుగానే యున్నది. చివరి వీధికి పోవు గొట్టము మాత్రము పూడిపోయిన ఒక మురుగు కాలువ అడుగున పోవుచు, ఒక అతుకువద్ద పగిలియున్నది. ఆ వీధిలో నీరు సన్నగా వచ్చుచుండుటచేత ప్రతి ఇంటివారును కుళాయిచుట్టు గోయి త్రవ్వి, అందులో బిందె దింపి నీరు పట్టుకొనుచుండిరి.

నేను బయలుదేరునపుడు సర్పంచి నాతో అన్నమాట ఇది: “ఉగాదికి మా ఊళ్ళో సున్నం కొట్టని ఇల్లు లేదండీ. ఆ కాలవలో పార వేసినవాడే లేడు.”

అతడు చెడ్డ సర్పంచి కాడు. ఆ ఊరివారు మురికివారును కారు. శుభ్రత గడపవద్ద ఆగిపోయినది, అంతియే జరిగినది.

మంచినీటిలోనికి మురుగు ఎట్లు చేరును?

ట్యాంకునుండి మంచినీరు విడుచుచుండగా గొట్టములోనికి మురుగు ఎట్లు పోగలదని పలువురు అడుగుదురు. నీరు వదలినంతసేపు గొట్టములో ఒత్తిడి ఉండును. అప్పుడు పగులునుండి మంచినీరే వెలుపలికి కారుచుండును. నీరు ఆపినంతనే గొట్టము ఖాళీయగుచు వెలుపలి నీటిని లోపలికి పీల్చుకొనును. పగులుచుట్టు మురుగు ఉన్నచో మురుగును, కుళాయి గోతిలో మాసిన నీరు ఉన్నచో ఆ నీటిని పీల్చుకొనును. మరునాడు నీరు వదలినపుడు మొదటి బిందెలోనికి వచ్చునది అదియే. మన గ్రామములలో నీటిని దినమునకు ఒకటి రెండు గంటలు మాత్రమే వదలుట వాడుక. కావున ఈ అపాయము దినదినమును పొంచియుండునది.

దీనినుండి సభ్యులు గ్రహింపవలసినది ఒకటి కలదు. ట్యాంకువద్ద నీరు మంచిదైనంత మాత్రమున గ్రామమునకు మంచినీరు అందినట్లు కాదు. చివరి వీధిలోని చివరి ఇంటి కుళాయివద్ద నీరు మంచిదైననే అందినట్లు. సాధారణముగా ఆ చివరి ఇల్లు పేదవానిదై యుండును. కావున గ్రామపు శుభ్రతకు కొలత మొదటి వీధి మేడ కాదు. చివరి వీధి కుళాయి.

ఈ ఋతువే ఎందుకు తగినది?

మన పెద్దలు ఇండ్ల శుభ్రతకు ఈ కాలమును ఎన్నుకొనుటలో ఔచిత్యము కలదు. పంటలు ఇంటికి చేరి రైతుకును కూలివానికిని కొంత తీరిక చిక్కును. చలి పోయినది, ఎండలు ఇంకను ముదరలేదు. వేసిన సున్నము త్వరగా ఆరును. ఈ కారణములే గ్రామమునకును వర్తించును. వానలు లేవు కావున కాలువలు ఎండి, పూడిక తీయుటకు అనువుగా నుండును. బావులలో నీరు అడుగంటుచుండును కావున అడుగున పేరుకొనిన బురదను తీయవచ్చును. నీరు తగ్గినకొలది దానిలోని కల్మషము పలుచబడక చిక్కబడును. కావున ఇదియే జాగ్రత్తపడవలసిన కాలము. జూన్ మాసమున తొలకరి వచ్చిన పిమ్మట ఈ పనులలో ఒక్కటియు సాగదు. ఏప్రిల్ 1వ తేదీతో క్రొత్త ఆర్థిక సంవత్సరము కూడ ఆరంభమగును.

ఇంటివారు ఇంటిని ఏ వరుసలో శుభ్రపరతురో ఆ వరుసనే గ్రామమునకును అనుసరింతము.

మొదటి పని: నీరు

ఇంటిలో మొదట కడుగునది నీళ్ళబిందె. గ్రామమునకు నీళ్ళబిందె ఓవర్‌హెడ్ ట్యాంకు. దానిని ఖాళీచేయించి, అడుగును గోడలను తోమించి, కడిగించి, ఆ తేదీని ట్యాంకుపై అందరికిని కనబడునట్లు రంగుతో వ్రాయింపవలెను. తేదీ వ్రాయించుట చిన్నపనివలె తోచును. కాని ఆ తేదీ పాతబడినకొలది దారిన పోవు ప్రతివాడును పంచాయతీని ప్రశ్నించును. అదియే దాని ప్రయోజనము.

తరువాత బ్లీచింగు పొడి. ఓ మోస్తరు స్వచ్ఛమైన నీటికి ప్రతి 1000 లీటర్లకు మంచిరకపు పొడి సుమారు 2.5 గ్రాములు చాలును. 40,000 లీటర్ల ట్యాంకునకు 100 గ్రాములు అగును. బావియైనచో నీటి పరిమాణమును లెక్కింపవలెను. బావి వెడల్పును మీటర్లలో కొలిచి, దానిని దానితోనే గుణించి, నీటి లోతుతోను, 3.14తోను గుణించి, 4చే భాగించి, 1000చే హెచ్చవేసినచో లీటర్లు వచ్చును. 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల నీటి లోతు గల బావిలో సుమారు 14,000 లీటర్ల నీరుండును. దానికి 35 గ్రాముల పొడి చాలును. అదే బావిలో చలికాలమున 4 మీటర్ల నీరుండినచో 70 గ్రాములు కావలసివచ్చును. అందుచేత “ఎప్పుడును వేయునంత” వేయుట లెక్క కాదు. కొలిచి వేయుటయే లెక్క.

పొడిని నేరుగా బావిలో చల్లరాదు. బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, మరికొంత నీరు పోసి బాగుగా కలియబెట్టి, పది నిమిషములు తేరనిచ్చి, పైతేట నీటిని మాత్రమే మరియొక బకెట్టులోనికి వంపి వాడవలెను. అడుగున మిగులు సున్నమును బావిలో పోయరాదు. మందు కలిపిన పిమ్మట ఒక గంట వరకు ఆ నీటిని తోడరాదు. రాత్రివేళ కలిపి ఉదయమున వాడుకొనుట మేలు. బ్లీచింగు పొడి గాలికి, వెలుతురునకు, తేమకు తన శక్తిని కోల్పోవును. నోరు విప్పి మూలను పడవేసిన బస్తాలోని పొడి తెల్లగానే కనబడును గాని పనిచేయదు.

చివరకు పరీక్ష. మందు కలిపి గంట గడచిన పిమ్మట లీటరు నీటిలో 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. ఇంటి కుళాయివద్ద 0.2 మిల్లీగ్రాములకు తగ్గరాదు. పంచాయతీలోని క్లోరోస్కోపుతో దీనిని రెండు నిమిషములలో చూడవచ్చును. ఈ పరీక్షను ట్యాంకు క్రింద కాక చివరి ఇంటివద్ద, ఆ ఇంటివారి ఎదుట చేయవలెను. అక్కడ క్లోరిన్ కనబడనిచో రెండు కారణములుండవచ్చును: మందు చాలలేదు, లేదా దారిలో మురుగు కలియుచున్నది. రెండవది యైనచో గొట్టము వెంబడి నడచి పగులు ఎక్కడనున్నదో కనుగొనువరకు విశ్రమింపరాదు. కుళాయి గోతులను పూడ్పించి, నేలకు ఎత్తుగా గట్టు కట్టించి కుళాయిలు బిగింపవలెను. ఒత్తిడి చాలక జనులు గోతులు త్రవ్వుదురు గనుక, వీధులవారీగా వేళలు నిర్ణయించి నీరు వదలినచో గోయి త్రవ్వు అవసరమే తప్పును.

క్లోరిన్ రోగక్రిములను చంపునే గాని నీటిలో కరగిన ఫ్లోరైడును తొలగింపదు. కాచినను అది పోదు. మన దేశములో ఎముకలను పాడుచేయు ఫ్లోరోసిస్ వ్యాధి మొదట 1937లో బయటపడినది నాటి నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండ ప్రాంతము పడిన బాధ అందరికిని తెలిసినదే. లీటరునకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చును. వేరు ఆధారము లేనిచో 1.5 వరకు సహింపవచ్చును, అంతకు మించరాదు. వేసవిలో క్రొత్తగా బోరు వేసి లోతు నీటిని వాడుకలోనికి తెచ్చు పంచాయతీలు ఆ నీటిని పరీక్షింపకుండ ప్రజలకు ఇయ్యరాదు.

రెండవ పని: మురుగు

ఇంటిలో బూజు దులుపుట ఎట్టిదో గ్రామములో కాలువల పూడిక తీయుట అట్టిది. ఊరి పటము నొకదానిని కాగితముపై గీసి, ప్రతి కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియుచున్నదో సభ్యులు నడచి చూచి గుర్తింపవలెను. పలుచోట్ల కాలువ కట్టియుండును గాని దానికి చివర ఉండదు. అట్టి కాలువ దోమల తొట్టి మాత్రమే. తీసిన పూడికను గట్టుననే వదలినచో మొదటి వానకు తిరిగి కాలువలోనికే చేరును. అదే దినమున తరలింపవలెను. కాలువ పోని ఇండ్లవద్ద మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గల ఇంకుడు గుంత త్రవ్వి, అడుగున పెద్దరాళ్ళు, పైన చిన్నరాళ్ళు నింపినచో వాడుకనీరు భూమిలోనికి ఇంకును. బావికిని, గోడ పునాదికిని అది దూరముగా నుండవలెను. నల్లరేగడి నేలలో నీరు త్వరగా ఇంకదు గనుక అట్టిచోట్ల కాలువయే మేలు.

దోమకును మలేరియాకును గల సంబంధము బయటపడినది మన గడ్డమీదనే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. బోదకాలు వ్యాధికి మందును వెలువరించిన పరిశోధక బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ వ్యాధి ఉన్న ప్రాంతములలో ఇంటింట పంచిపెట్టు డి.ఇ.సి. మాత్రలు 1947 నాటి ఆ కృషి ఫలమే. ఇంతటి విజ్ఞానము మన ప్రాంతముతో ముడిపడి యుండగా, బోదకాలును వ్యాపింపజేయు దోమ నేటికిని మన మురుగులోనే పెరుగుచుండుట చింతింపదగినది.

అన్ని దోమలును మురుగులో పుట్టవు. డెంగ్యూను వ్యాపింపజేయు దోమ మంచినీటిలో గ్రుడ్లు పెట్టును. మూతలేని తొట్టి, పాత టైరు, పగిలిన కుండ, పశువుల కుడితి గోలెము దానికి చాలును. గ్రుడ్డు దోమయగుటకు వారము నుండి పది దినములు పట్టును. కావున వారమున కొకసారి ప్రతి ఇంటను తొట్లను ఖాళీచేసి, తోమి, ఎండనిచ్చినచో దోమ పుట్టకముందే నశించును. శుక్రవారమును పొడి దినముగా పాటింపుమనుటలోని అర్థమిదియే. ఉగాదికి అన్నిటిని ఎట్లును కడుగుదురు. ఆ ఒక్క దినపు పనిని వారమున కొకసారి చేయుడని ఇల్లాండ్రకు చెప్పిన చాలును. క్రొత్తగా నేర్పవలసినది లేదు.

మూడవ పని: ఇల్లు

ఇంటి శుభ్రతలో సభ్యులు చెప్పవలసిన సలహాలు కొన్ని కలవు. గోడలకు సున్నము వేయునపుడే ఇంటికప్పుపైన కూడ సున్నము వేసినచో ఎండ తిరిగి పరావర్తనము చెంది లోపలి వేడి తగ్గును. ఈ సూత్రముపైననే తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. సున్నము నానవేయునపుడు అది కుతకుత ఉడుకును, పిల్లలను దరిచేరనీయరాదు. కంటిలో పడినచో వెంటనే చాలసేపు మంచినీటితో కడిగి వైద్యునికి చూపవలెను.

వంటింటి గోడలపై మసి దులిపినపుడు ఆ మసి ఎక్కడినుండి వచ్చినదో యోచింపవలెను. గోడకు పట్టినది దులిపిన పోవును. ఇల్లాలి ఊపిరితిత్తులకు పట్టినది పోదు. కట్టెలపొయ్యి వాడువారు పైన పొగగూడు గాని, ఎదురెదురుగా కిటికీలు గాని ఉంచుకొనవలెను.

వేసవిలో గడ్డివాములు, పాకలు అగ్నికి ఆహుతియగుట మన పల్లెలకు తెలియనిది కాదు. వామిని ఇంటికిని, కరెంటు తీగలకును దూరముగా వేయుడని చెప్పుటకు కుప్పనూర్పిళ్ళు ముగిసిన ఈ సమయమే తగినది. వామి వేసిన పిమ్మట చెప్పిన ఎవరును వినరు. వీధికొక చోట నీటి తొట్టి, ఇసుక, బకెట్లు ఉంచి, 101 సంఖ్యను గోడపై వ్రాయింపవలెను.

నాల్గవ పని: ఆరోగ్యము

2015 మే మాసములో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను కలిపి వేయిమందికి పైగా మరణించిరి. వారిలో ఎండలో పనిచేయు కూలీలు, వృద్ధులు పలువురు ఉండిరి. వడదెబ్బ వైశాఖ జ్యేష్ఠములలో తగులును గాని దానికి ఏర్పాట్లు చైత్రమునందే జరుగవలెను. ఉపాధి పనులను తెల్లవారుజామున మొదలిడి ఎండ ముదరకముందే ముగించునట్లును, పనిచోట నీడయు నీరును ఉండునట్లును చూడవలెను.

చలివేంద్రము పెట్టుట మన పూర్వాచారము. అయితే దానిలోని కుండను దినదినము కడిగి, క్లోరిన్ కలిపిన నీటిని నింపి, మూత పెట్టి, పొడవుకాడ గల గరిటెతో పోయించినపుడే అది పుణ్యకార్యమగును. చేయి ముంచి తీయు కుండ దాహముతోపాటు రోగమును కూడ పంచును.

ఒడలు కాలిపోవుచు, మాట తడబడుచు, స్పృహ తప్పుచున్న మనిషి వడదెబ్బ తిన్నవాడని ఎరుగవలెను. అతనిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటిపై చల్లనినీరు చల్లి, విసరుచు, 108 వాహనమును పిలువవలెను. స్పృహ లేనివాని నోటిలో నీరు పోయరాదు.

విరేచనములు పట్టిన బిడ్డను చంపునది విరేచనము కంటె దానివలన ఒంటిలో నీరు ఎండిపోవుటయే. ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లమును ఒక లీటరు మంచినీటిలో కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. కలిపిన నీటిని ఒక దినమునకు మించి ఉంచరాదు. పొట్లము దొరకనిచో లీటరు నీటికి ఆరు చెమ్చాల పంచదార, అర చెమ్చా ఉప్పు, చెమ్చాలు తలగొట్టి కొలిచి కలుపవలెను. తల్లిపాలు మాన్పింపరాదు. వైద్య సిబ్బంది ఇచ్చు జింకు మాత్రలను విరేచనములు ఆగినను పదునాలుగు దినములు వాడవలెను. నేను చెప్పిన ఆ చివరి వీధిలో ఈ పొట్లములు ఒక్క ఇంటను లేవు. అవి అంగన్‌వాడీలో ఉండెను. అంగన్‌వాడీ ఆ దినమున మూసియుండెను. ప్రతి వీధికిని ఒక ఇంటిని ఏర్పరచి అక్కడ పది పొట్లములు ఎల్లప్పుడు ఉండునట్లు చూచుట పంచాయతీకి కష్టమైన పని కాదు.

ఈ ఋతువులో తట్టు, ఆటలమ్మ వంటివి పిల్లలలో వ్యాపించును. అమ్మవారు పోసినదని వేపమండలు కట్టి, బిడ్డను వేరుగా పరుండబెట్టుట మన ఆచారము. బిడ్డను వేరుగా ఉంచుట మంచిదే. అయితే తట్టునకు టీకా కలదు: తొమ్మిది నెలలు నిండినపుడు ఒకటి, పదునారు నుండి ఇరువదినాలుగు నెలల లోపున మరియొకటి. వేపమండ గుమ్మమునకు ఉండవచ్చును. టీకా బిడ్డకు తప్పక ఉండవలెను. ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టిన మశూచి మన దేశమునందు 1975లో అంతరించినది టీకా వలననే. టీకా వేయించుకొనని పిల్లల జాబితాను ఆరోగ్య కార్యకర్తనుండి తీసికొని, సభ్యులు తమ వార్డులోని ఇండ్లకు స్వయముగా పోవలెను. ఆమె మాట వినని తండ్రి మెంబరు మాట వినవచ్చును.

ఐదవ పని: మనస్సు

ఇల్లు, నీరు, ఆరోగ్యము క్రొత్తపడినను చూపు పాతదైనచో ప్రయోజనము స్వల్పము. చూపును మార్చుకొనవలసిన విషయములు రెండు కలవు.

మొదటిది, ఈ శుభ్రత ఎవరి చేతులతో జరుగుచున్నదను విషయము. మన పండుగకు మన కాలువను శుభ్రపరచిన పారిశుద్ధ్య కార్మికుడు తన ఇంటి పండుగకు ఆలస్యముగా చేరును. అతనికి చేతితొడుగులు, బూట్లు, పొడవుపిడి పనిముట్లు ఇచ్చుట దయ కాదు, విధి. మానవ మలమును మనుష్యులచే ఎత్తించుటను, రక్షణ లేకుండ సెప్టిక్ ట్యాంకులలోనికి దింపుటను 2013 నాటి చట్టము నేరముగా నిషేధించినది. ఉగాదినాడు పంచాయతీ పక్షమున వారికి క్రొత్తబట్టలు పెట్టుట మంచిది. దానికంటె ముందు వారి జీతము బాకీ లేకుండ ఇచ్చుట మరింత మంచిది.

రెండవది, లెక్క చెప్పుట. ఉగాది సాయంకాలము గుడివద్దనో, చావడివద్దనో ఊరంతయు చేరి పంచాంగ శ్రవణము చేయును. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతిగారు చదువుచుండగా చిన్నా పెద్దా చెవియొగ్గి విందురు. గ్రామమునకు కూడ ఆదాయ వ్యయములు కలవు. వాటిని చదువువారు లేరు. పంచాంగ శ్రవణము ముగిసిన పిమ్మట సర్పంచిగారు లేచి, గడచిన సంవత్సరమున ఇంటిపన్ను ఎంత వసూలైనది, ఎంత నిలిచినది, నీటికెంత, మురుగునకెంత ఖర్చయినది, చివరి కుళాయివద్ద ఎన్నిమార్లు పరీక్ష జరిగినది చదివినచో పదినిమిషములకు మించి పట్టదు. అదే ప్రశ్నను మరల గ్రామసభలో పెట్టి తీర్మానము చేయవచ్చును. ఆ లెక్కలో చేదు ఉండును. ఉగాది పచ్చడిలో వేపపూవును ఏరి పారవేయుట మన ఆచారము కాదు గదా.

అధికారమును, డబ్బును

ఇవన్నియు చేయుటకు మాకు అధికారము ఎక్కడిదని కొందరు సభ్యులు సందేహింతురు. 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము వానిలో ఉన్నవి. ఆంధ్రప్రదేశమున 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, తెలంగాణమున 2018 నాటి చట్టము ఈ బాధ్యతలను గ్రామ పంచాయతీలపై ఉంచినవి. డబ్బు విషయమునకు వచ్చినచో, 2021-26 కాలమునకు పదునైదవ ఆర్థిక సంఘము గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన నిధులలో నూటికి 60 పాళ్ళను పారిశుద్ధ్యమునకును, త్రాగునీటికిని సమానముగా కేటాయించినది. ఈ రెండు పనులే ముఖ్యమని దీనివలన తేటపడుచున్నది. ఇంతకును ఈ పాఠములో చెప్పిన పనులలో చాలవాటికి కావలసినవి పార, కొలత, నడక. డబ్బు తరువాత.

ఈ పక్షములో చేయదగిన కార్యక్రమము

మొదటి దినమున సభ్యులందరును కలిసి ట్యాంకునుండి చివరి ఇంటివరకు గొట్టము వెంబడి నడువవలెను. రెండవ, మూడవ దినములలో ట్యాంకును, బావులను శుభ్రపరపించి, లెక్క ప్రకారము మందు కలిపించి, చివరి కుళాయివద్ద పరీక్ష చేయవలెను. తరువాతి వారములో వార్డుకొక దినము చొప్పున కాలువల పూడిక తీయించి, కుళాయి గోతులను పూడ్పింపవలెను. ఇంటింట తొట్లు కడుగు దినమును, ఓ.ఆర్.ఎస్. ఉంచు ఇండ్లను నిర్ణయింపవలెను. టీకా జాబితా పూర్తిచేయవలెను. ఉగాది సాయంకాలము గ్రామపు లెక్క చదువవలెను. పండుగ దాటిపోయిన పిమ్మట ఈ పత్రిక చేరినవారు వచ్చు ఉగాదివరకు ఆగనక్కరలేదు. తొలకరికి ముందు ఏ పక్షమైనను మంచిదే. లెక్కను గ్రామసభలో చదువవచ్చును.

సమావేశములో చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన గ్రామములో చివరి కుళాయి ఎవరి ఇంటిది? ఆ నీటిని కడపట ఎప్పుడు పరీక్షించితిమి?
2. మంచినీటి గొట్టము మురుగు కాలువను ఎన్నిచోట్ల దాటుచున్నది?
3. చివర లేని కాలువలు ఎన్ని?
4. అర్ధరాత్రి ఒక బిడ్డకు విరేచనములు పట్టినచో ఆ వీధిలో ఓ.ఆర్.ఎస్. పొట్లము ఎవరి ఇంట దొరకును?
5. పారిశుద్ధ్య కార్మికులకు జీతము ఎన్ని నెలలు బాకీ ఉన్నది?

ఈ ఐదు ప్రశ్నలకు కాగితము చూడకుండ సమాధానము చెప్పగల పంచాయతీ తన ఊరి గడప దాటి శుభ్రత చేసినట్లే. చెప్పలేనివారు సిగ్గుపడనక్కరలేదు. రేపు ఉదయము, నీరు వదలు వేళకు, చివరి వీధికి నడచిపోయి ఆ కుళాయివద్ద నిలుచుండి చూచినచో సగము సమాధానములు అక్కడనే దొరకును.